మరకల అంగి

ఈరోజు రియాద్‌లోని మా ఆఫీసు గోడకు ఒక అబ్‌స్ట్రాక్ట్ ప్రింటు పెట్టించాం. బొమ్మంటూ ఏమీ లేదు. ఎరుపు, పసుపు, నీలం చేతికి తోచినట్టు చిమ్మేశారు. ఆ జోరే నాకు నచ్చింది. దాన్ని తగిలించడానికి వచ్చిన జగిత్యాల పెయింటర్ రాజన్న మాత్రం పని అయిపోయినా అక్కడి నుంచి కదల్లేదు.

"ఏమన్నా అర్థమైందా రాజన్నా?" అని నవ్వాను.

"మా తమ్ముని డ్యూటీ అంగి అచ్చం గిట్లనే ఉండె సార్. వాడు గూడ పెయింటరే. పోయినేడు ఈడనే పానం పోయింది. సామాను ఇంటికి పంపేటప్పుడు, మరకల అంగి ఎందుకని పడేసి కొత్తది కొనిపెట్టిన. ఫోన్ల మా మరదలు ఒక్కటే ఏడ్పు, 'ఇది ఆయనది కాదు బావా' అని."

అతనికి కళ గురించి చెబుదామనుకున్నవాణ్ణి, అతని పక్కన నిలబడి ఆ రంగుల్ని మళ్ళీ మొదటి నుంచి చూశాను.

మీ ఇంట్లో ఎవరిదైనా అలాంటి అంగి ఉందా? ఉంటే పడేయకండి.