వాకిట్లో నిలబెట్టని మనిషి

బెంగళూరులో తెలిసినదానికి జీతం తీసుకునేవాళ్ళు వీధికి ఇంతమంది ఉన్నారు. తెలియనిదానికి పిలిపించుకుని, కుర్చీ వేయించుకుని, కాఫీ తాగి వచ్చినవాణ్ణి మాత్రం నాకు తెలిసినంతలో నేనొక్కణ్ణే. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాడికి అంతకు మించిన పదవి ఏం దక్కుతుంది? ఆ పదవి నాకిచ్చిన కమలాక్షి గారు పోయిన నెలలో కన్నుమూశారు.

కబురు ఆమె నంబరు నుంచే వచ్చింది. "కమలాక్షి ఇక లేరు" అని. పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తుతూ చూశాను. సొంత చావు కబురు సొంత ఫోన్లోంచి ఎవరు పంపుకుంటారు? ఎవడో ఫోన్ కాజేశాడు, కాసేపట్లో సాయం అడుగుతాడు అనుకుని, "ముందు నువ్వెవరో చెప్పు" అని జవాబు కొట్టాను. వెంటనే ఫోన్ మోగింది. ఆమె చెల్లెలు వనజమ్మ. "నేనే, గిరీ. అక్క నిద్రలోనే పోయినాదప్పా," అంది. అప్పటికీ నమ్మలేదు. దేన్నీ ఊరికే నమ్మకూడదని నాకు నేర్పింది కమలాక్షి గారే. ఆ విద్య నాకు అక్కరకు రాని రోజు అదొక్కటే.

కమలాక్షి గారిది తరాలుగా బెంగళూరులోనే ఉంటున్న తెలుగు కుటుంబం. ఉద్యోగ జీవితంలో చాలా భాగం మిక్సీలకూ నీళ్ళ మోటార్లకూ వాడకం పుస్తకాలు రాశారు. అట్టపెట్టె అడుగున ఉండి, పెట్టెతోపాటే అటక ఎక్కే పుస్తకాలు. చివరి కొన్నేళ్ళు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న బృందంతో కలిసి ఒక సాఫ్ట్‌వేర్‌కి రాశారు. అదేమిటో ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమకు కావలసిన సరంజామా అంతా సొంత కంప్యూటర్లో ఎక్కించుకోనక్కర్లేదు. దూరాన ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్లో అంతా సిద్ధంగా ఉంటుంది. బ్రౌజర్ తెరిచి పని మొదలుపెట్టడమే. ఓపెన్ సోర్స్ కాబట్టి దాని లోపలి కోడ్ ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. కొత్తగా వచ్చినవాడు మొట్టమొదట చదివే పేజీని క్విక్ స్టార్ట్ అంటారు. ఆ పేజీ ఆమె చేతికి వచ్చింది.

అప్పటికది పేరుకే క్విక్కు. ముందు ప్రాజెక్టు పుట్టుపూర్వోత్తరాలు, తర్వాత సహకరించినవారికి కృతజ్ఞతలు, ఆపైన బాణాలతో కిక్కిరిసిన ఒక బొమ్మ. ఇవన్నీ దాటి వచ్చిన పుణ్యాత్ముడికి మొదలుపెట్టే బటన్ దర్శనమిచ్చేది.

"ఇంటికొచ్చినోణ్ని వాకిట్లో నిలబెట్టి తాతముత్తాతల కథ చెప్తా ఉండారప్పా వీళ్ళు," అన్నారు ఆమె. "ముందు లోపలికి పిలిచి కూర్చోబెట్టల్ల. కథ ఆమీట."

మా పరిచయం కాడుగోడిలో, లాప్‌టాప్‌లు బాగుచేసే నా అంగట్లో. కీబోర్డు మీద ఒక కీ ఊడిందని వచ్చారు. నేను విప్పుతుంటే కౌంటర్ మీదికి వంగి ప్రతి స్క్రూనూ కళ్ళతో కాపలా కాశారు.

"నమ్మకం లేదా అక్కా?" అన్నాను.

"నమ్మకం ఉంటే లాప్‌టాప్ ఈడ పెట్టి ఇంటికి పోయుండేదాన్ని కదప్పా," అని, నన్ను ఎగాదిగా చూసి, "ప్రోగ్రాములు రాసేది తెలుసునా నీకు?" అని అడిగారు.

"కంప్యూటర్ ఒళ్ళు తెలుసక్కా, మనసు తెలీదు."

"నువ్వే కావల్ల నాకు," అన్నారు. ఆ మాట ఏ ఆడమనిషీ నాతో అంత సంతోషంగా అనలేదు, మా ఆవిడతో సహా.

ఆ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పి, తను దిద్దే పేజీ చదివి అది చెప్పినట్టు చేసి చూపించమన్నారు. నా అనుమానం నాకుంది. "అంతా ఎక్కడో దూరాన ఉంటే ఇక్కడ లాప్‌టాప్‌లు ఎవరు బాగుచేయించుకుంటారక్కా? నా చేత్తోనే నా అంగడికి తాళం వేయిస్తా ఉండావా?"

"దూరంగా ఉండేది కోడు. కాఫీ ఒలికేది కీబోర్డు మీదనే. బతుకుతావులే రా."

ఆమె పద్ధతి విచిత్రం. పేజీ నా ముందు తెరిచి, పక్కన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవారు. వేలు చూపించాలనిపించినా చూపించకుండా ఉండడానికి. నోరు విప్పేవారు కాదు. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే వచ్చు. "అదే మేలు. బాగా వచ్చినోళ్ళు చదవరు, దూకుతారు," అన్నారు.

మొదటిరోజు బటన్ నొక్కాను. తెరమీద ఒక చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతోంది, తిరుగుతోంది. మా వృత్తిలో అట్లా తిరిగిందంటే యంత్రం చచ్చిందని అర్థం. టక్కున మూసేశాను. ఆమె చేతులు తొడల కింద విలవిల్లాడటం చూశాను. అంతా అయ్యాక, "ఎందుకు మూసినావు?" అని అడిగి, నేను చెప్పింది విని, "నీ తప్పు కాదు," అన్నారు. బడిలో చదివిన అన్నేళ్ళలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

పేజీలో ఆ పుట్టుపూర్వోత్తరాలూ కృతజ్ఞతలూ బాణాల బొమ్మా కొట్టేసిన మనిషి ఒక్క వాక్యం మాత్రం కొత్తగా చేర్చారు. "ఇక్కడ కాస్త సేపు పడుతుంది, ఒక కాఫీ తాగి రండి, మూసేయకండి," అని. ఆ సాఫ్ట్‌వేర్ కట్టిన బృందానికి పెద్దయిన ఫణీంద్ర గారికి అది నచ్చలేదు.

"అక్కా, ఇది ప్రొఫెషనల్‌గా లేదు. నా సిస్టమ్‌లో అయితే ఇంత టైమే పట్టదు."

"నీ ఇంట్లో నీకు చీకట్లో కూడా స్విచ్చు దొరుకుతాది ఫణీంద్రా. నేను చెప్పేది చుట్టం సంగతి."

వాక్యం నిలిచింది. మాటల మీద కూడా ఆమెకు అంతే అనుమానం. 'సులువుగా' అన్న మాట కనిపిస్తే చాలు, "ఈడ ఏదో దాస్తా ఉండాడు, చూడు" అనేవారు. నిజంగానే ఆ మాట వెనక ఒక మెట్టు ఎగిరిపోయి ఉండేది.

ఆ అనుమానానికి చివరికి నేనూ బలయ్యాను. పేజీ దిద్దిన ప్రతిసారీ నన్ను పిలిచేవారు. ఒకరోజు కూర్చుని చకచకా చేసుకుపోతుంటే, "ఆగు" అన్నారు. పని మధ్యలో ఆమె నోరు విప్పడం అదే మొదలు. "ఆ గళ్ళో టిక్కు ఎందుకు పెట్టినావు?"

"పేజీలో ఉంది కదక్కా."

"నిన్ననే తీసేసినాను. తెర మీద గడి ఉండాది గానీ పేజీలో మాట లేదు. నువ్వు చదవడం లేదప్పా, నీకు వచ్చేసినాది. ఇంక పనికిరావు పో."

చదువు రాదని బడి నన్ను వదిలేసింది; చదువు వచ్చేసిందని ఈమె వదిలేశారు. ఈ రెండో బర్తరఫు అంత గౌరవం నాకు ఇంకెక్కడా జరగలేదు. అటుపైన ఆమెకు కొత్త అజ్ఞానులను సరఫరా చేసే బాధ్యత నాది. వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె మొదట అడిగే ప్రశ్న ఒకటే: "గిరి ఏమన్నా చెప్పి పంపించినాడా?"

ఆమె పోయాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసులో సంతాప సభ పెట్టారు. ఫణీంద్ర గారు పెద్ద తెర మీద ఒక పేజీ చూపించారు. అదే క్విక్ స్టార్ట్. దాని నెత్తిన దండ వేసిన ఆమె ఫోటో, కింద జననం, మరణం, సేవలు, సహచరుల కన్నీటి వాక్యాలు. మొదలుపెట్టే బటన్ ఎక్కడో పాతాళంలో ఉంది. "ప్రపంచంలో ఎవరు మన దగ్గరికి వచ్చినా ముందు అక్కనే చూస్తారు. రేపటి నుంచి ఇదే," అన్నారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఇది ఆమె కోసమా, మన ఏడుపు నలుగురికీ కనబడటం కోసమా? రేపు ఆ పేజీ అట్లా తెరుచుకుంటే, ఆమె ఇన్నేళ్ళూ ఊడ్చిన వాకిలి మళ్ళీ నిండిపోతుంది, అదీ ఆమె పేరుతోనే.

"సార్, అక్క దీన్ని చూసుంటే కొట్టేసుండేది," అన్నాను.

"గిరి గారూ, ప్లీజ్. ఇవాళైనా జోకులు ఆపండి."

"జోకు కాదు సార్. ఎవరినైనా కూర్చోబెట్టి చూడండి. అక్క చూసినట్టే."

వనజమ్మ మెల్లగా అంది: "చూడు ఫణీంద్రా. అక్క చూడకుండా దేన్నీ ఒప్పుకునేది కాదు."

పక్క గదిలో ఆ ఉదయమే ఉద్యోగంలో చేరిన నల్లగొండ అమ్మాయి, స్వప్న, ఉంది. ఆమెకు కమలాక్షి గారెవరో తెలియదు. "ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి చూడమ్మా," అని పేజీ ముందు కూర్చోబెట్టారు. ఎవరూ వేలు చూపించలేదు. ఆ అమ్మాయి ఫోటో చూసింది. కిందికి జరిపింది. మళ్ళీ పైకి వచ్చింది. చేతులు జోడించబోయి ఆగింది. చివరికి భయంభయంగా వెనక్కి తిరిగింది.

"సార్, ప్రాజెక్టు బంద్ పెట్టిన్రా? ఇది నడిపే మేడం పోయిన్రు అన్నట్టున్నది. ఇగ వేరేది ఏదన్న చూసుకోవాల్నా?"

ఫణీంద్ర గారి వైపు చూశాను. ఆయన రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. అట్లా ఎప్పుడు కూర్చున్నారో ఆయనకే తెలియదనుకుంటాను. లేచి, నివాళి అంతా తీసేశారు. పాత పేజీ, అంటే అక్క పేజీ, తెరుచుకుంది. అమ్మాయి చదివింది, బటన్ నొక్కింది, చక్రం తిరిగింది. అమ్మాయి చేయి మూసేసే గుర్తు వైపు పోయి, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ చూసి, "ఈడ కాఫీ ఎక్కడుంటది సార్?" అని అడిగింది.

అప్పుడు ఏడ్చాను. నేనొక్కణ్ణే కాదు.

ఫోటో ఇప్పుడు ఆ పేజీ చిట్టచివర ఉంది, కొత్తవాడి మొదటి ప్రోగ్రాము నడిచిన తర్వాత. లోపలికి వచ్చి కూర్చున్నవాళ్ళకి, తీరిగ్గా.

తీరని లోటు అంటారు. ఆ మాటను కూడా ఆమె 'సులువుగా' అన్న మాటలాగే అనుమానించేవారు. కాబట్టి నేనూ ఊరికే అనను. వేలు చూపించేవాళ్ళకు ఈ మహానగరంలో కరువు లేదు. తన చేతులు తాను బంధించుకుని, అవతలి మనిషికి అడ్డం ఎక్కడ తగులుతోందో ఓపికగా చూసి, దోషం నీది కాదు నా రాతది అనగల సంస్కారం మళ్ళీ ఎక్కడ కనబడుతుందా అని వెతుకుతున్నాను. ఇంతవరకూ కనబడలేదు. ఎవరి ముందూ తలవంచని నా అల్పజ్ఞానం ఆమె ముందు నిండుగా తలవంచుతోంది.

అచ్చుకు పంపేముందు దీన్ని వనజమ్మకు చూపించాను. నా కౌంటర్ దగ్గర నిలబడి చివరిదాకా చదివింది. ఎట్లా ఉందని అడిగాను.

"బాగుండాదప్పా," అంది. "అక్కను చూడాలని వచ్చినోళ్ళకి వాకిట్లోనే నువ్వు కుర్చీ ఏసుకోని కాఫీ తాగతా ఉండావు. రవ్వంత జరుగు."