ఉపవాసమున్న పెద్దమనిషి

మా అక్క మామగారిని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా నా కోపం పోలేదు, పోవాలని నాకూ లేదు.

అవి యుద్ధం రోజులు. బావ పటాలంలో ఉన్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళకు అక్కకు కడుపు పండింది, అయిదో నెల. పనికి సాయంగా ఉంటానని అమ్మ నన్ను మదనపల్లె నుంచి పుంగనూరు పంపింది. మామగారు చర్చి సంఘంలో పెద్ద. కుప్పం నుంచి పాస్టరుగారూ మరికొందరూ భోజనానికి వస్తున్నారని గొర్రెను కొని పెరట్లో కట్టేశాడు. వానకు తడిసి అది మేత ముట్టలేదు, కడుపుబ్బి మూలుగుతూ పడుకుంది. పొద్దున మేం లేచేసరికే కోత అయిపోయింది.

"నెత్తురు యాడ మామా? వేపుడు చేద్దామనుకుంటి" అని అక్క అడిగింది.

"వానకు కొట్టుకపోయింది" అన్నాడు.

మాంసం నల్లబారి ఉంది. ఎంత కడిగినా వాసన పోలేదు. పప్పు చేసి పెడదామని అక్క బతిమాలింది.

"కడుపుతో ఉండేదానికి అన్నీ వాసనే. మసాలా దండిగా నూరు, సరిపోతాది."

వచ్చినవాళ్ళకు దగ్గరుండి కొసరి కొసరి వడ్డించాడు. తాను మాత్రం ముట్టలేదు. "నేను ఉపవాస ప్రార్థనలో ఉండానప్పా, మీరు తినండి" అన్నాడు. ఎంత భక్తో అని అందరూ మెచ్చుకున్నారు! చివర ఆడవాళ్ళం కూర్చున్నాం. అక్క మజ్జిగన్నం కలుపుకుంటే, "పాస్టరుగారు ప్రార్థన చేసిన కూరను కాదంటావా?" అని గద్దించి ఆమెకు కూర వేయించాడు.

సాయంత్రానికల్లా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. కుప్పం వెళ్ళినవాళ్ళూ మంచం పట్టారని తర్వాత తెలిసింది. నేను తేరుకున్నాను గానీ అక్క లేవలేకపోయింది. బొగ్గుతో నడిచే బస్సులో ఆమెను మదనపల్లె ఆసుపత్రికి తెచ్చాం. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు. చెడిన మాంసం వల్లే ఇదంతా అని డాక్టరమ్మ చెప్పింది.

"నీ కూతురికి తిండి మీద అదుపు లేదప్పా" అని మామగారు మా నాయనతో అన్నాడు. ఆ మాటకు ఆయన నాలుక పడిపోవాలని కోరుకున్నాను.

అక్క కాస్త కోలుకున్నాక, తీసుకుపోతానని మా ఇంటికొచ్చాడు. అమ్మ మర్యాద తప్పకుండా కోడిని కోసి వండింది. ఆయన పళ్ళెం ముందు కూర్చుని, కూరలో చేయి పెట్టకముందే అడిగాడు: "ఎప్పుడు కోసినారమ్మా?"

"ఇప్పుడే గదప్పా" అంది అమ్మ. అది విన్నాకే తినడం మొదలుపెట్టాడు.

అక్క తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "ఆ పొద్దు గొర్రెను కోసేటప్పుడు దానికి ప్రాణముండెనా మామా?" అని అడిగింది.

ఆయనకు సిగ్గయినా కలగలేదు. ఎముక చీకుతూనే చెప్పాడు: "ఏం చేయమంటావమ్మా? పెద్దోళ్ళు వస్తాండారు, ఇంకో గొర్రెను యాడ తెచ్చేది? నా పరువు పోదా?"

మా నాయన ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. లేచి వెళ్ళి, ఆయన ముందున్న పళ్ళెం తీసేశాడు.

"లేయప్పా. నా బిడ్డ రాదు."

చేయి కడుక్కోవడానికి అమ్మ నీళ్ళివ్వలేదు. ఆయన ఎంగిలి చేత్తోనే వీధిలోకి నడిచాడు. అలా పోతుంటే చూసి నేను సంతోషించాను, ఇప్పుడూ సంతోషిస్తున్నాను.