పాత కలప, కోడలి క్రెడిట్లు

మా కోడలి చదువులో ఒక ఏడాదిని నేనే మిగిల్చాను. ఇంటర్ తప్పినవాణ్ణి, రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీకి వెళ్ళి, క్రెడిట్లంటే ఏమిటో అక్కడివాళ్ళకే విడమరచి చెబితే ప్రిన్సిపాల్ గారంతటివారు లేచి నిలబడ్డారు. ఈ సంగతి పాలకొల్లులో నేను కూర్చునే ప్రతి టీకొట్టులోనూ చెప్పాను. చెప్పిన కొద్దీ ఆయన ఇంకాస్త త్వరగా లేచేవారు.

మొదటినుంచి చెబుతాను. మా కోడలు కాకినాడలో బీఎస్సీ రెండేళ్ళు చదివింది. అంతలో పెళ్ళయింది, పాప పుట్టింది, మూడో ఏడు అలాగే ఉండిపోయింది. పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తను ఒక ల్యాబులో చేరింది. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తే ఉప్పెంత, అమోనియా ఎంత అని పరీక్షచేసి చెప్పే ల్యాబు అది. పరీక్షలన్నీ చేసేది మా కోడలు. రిపోర్టు కింద సంతకం పెట్టేది మాత్రం డిగ్రీ ఉన్న ఒకాయన. ఆయన ఊరు మారబోతున్నాడని తెలిశాక యజమాని మా కోడల్ని పిలిచాడు. "ఆ కుర్చీ నీదేనమ్మా. కాకపోతే డిగ్రీ ఉండాలి. ఏడాది ఆగుతాను. అంతకు మించి నావల్ల కాదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పింది.

"మళ్ళీ మొదటి ఏడు నుంచి కూర్చోమంటే మాత్రం వెళ్ళనండీ మావయ్యగారూ. పక్క బెంచీ పిల్లలు ఆంటీ అంటారు."

"మరి రెండేళ్ళు చదివింది ఏమైపోయినట్టమ్మా?"

"ఏమీ అవలేదండి. క్రెడిట్లు అంటారు వాటిని. పాసైన ప్రతి పేపరుకీ ఇన్ని అని ఇస్తారు. ఇదిగో, ఫోనులో ఉన్నాయి. ఇంకో కాలేజీకి పట్టుకెళ్ళొచ్చు. కాకపోతే అప్పట్లో మాకు మూడు సబ్జెక్టులూ సమానం. ఇప్పుడు ఒకటే మేజరు, పక్కన ఒక మైనరు. ఏ కోర్సులో మనవి ఎన్ని పనికొస్తాయో వెళ్ళి చూసుకోవాలి."

నాకు ఒళ్ళంతా ఉత్సాహం కమ్మేసింది. ఇన్నాళ్ళూ నేను బతికిన వ్యాపారం ఇదే కదా! మాది పాత కలప అడితి. పడగొట్టే ఇళ్ళు కొంటాను. తలుపులు, ద్వారబంధాలు, దూలాలు జాగ్రత్తగా విప్పించి తెచ్చి, కొత్త ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి అమ్ముతాను. ఒక ఇంట్లో నిలబడ్డ గుమ్మం ఇంకో ఇంట్లో నిలబడుతుంది. చదువుల్లో కూడా ఈ పద్ధతి వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదే!

"నేనూ వస్తానమ్మా" అన్నాను.

"మీరెందుకండీ?"

"అనుభవం ఉన్నవాడు పక్కనుండాలి."

మా ఆవిడ వంటింట్లోంచే అంది: "తీసుకెళ్ళడం తేలికేనమ్మా. అక్కడ నోరు మూయించి తీసుకురావాలి, అదీ కష్టం."

రావులపాలెంలో బస్సు ఆగితే కిటికీలోంచి ఒక అత్తం చక్కెరకేళి అరటిపళ్ళు కొన్నాను. ఊరికే వెళితే బాగుండదని. కాలేజీలో ఈ క్రెడిట్ల పని చూసే మేడం గారు ఆ పళ్ళు చూసి, "ఇవేంటండీ, ఇక్కడ ఇలాంటివేమీ అక్కర్లేదు" అన్నారు. "తినడానికేనండి, సంతకాలకి కాదు" అన్నాను. కోడలు తల దించుకుంది. మేడం గారి కంప్యూటరు ఆ రోజు పనిచెయ్యడం లేదు. పక్కన ఏసీ ఉన్న పెద్ద గదిలోకి తీసుకెళ్ళారు. నాకు మంచి మెత్తటి కుర్చీ దొరికింది.

మేడం గారు కోడలి ఫోను చూసి, అక్కడి కంప్యూటర్లో ఏవో నొక్కి, రెండు కాగితాలు తీసి మా ముందు పెట్టారు. రెండింట్లోనూ గళ్ళే. మాకు వచ్చే క్రెడిట్లున్న గళ్ళకి రంగు వేసి ఉంది.

"ఇది కెమిస్ట్రీ మేజరండి. మీ కెమిస్ట్రీ పేపర్లు మేజర్లోకి వస్తాయి. ఫిజిక్సు మైనర్లోకి. లెక్కల్లో మాత్రం చాలావరకు తీసుకోలేం. ఇక ఈ రెండోది ఆక్వాకల్చర్, కొత్తగా పెట్టాం. ఇందులో మీ క్రెడిట్లన్నీ తీసుకుంటాం."

"అన్నీనా?" అన్నాను.

"అన్నీనండి. ఒక్కటీ పోదు."

ఆగలేకపోయాను. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే టేపు తీసి రెండు కాగితాల మీదా పెట్టి కొలిచాను. ఆక్వా కాగితంలో రంగు గళ్ళు ఆ చివరనుంచి ఈ చివరదాకా ఉన్నాయి. కెమిస్ట్రీది అందులో మూడొంతులు కూడా లేదు. నా వ్యాపారంలో ఒక్క చెక్క పక్కన పెట్టకుండా లారీ మొత్తం దించుకునే బేరగాడు ఎప్పుడో గాని తగలడు. తగిలితే వాడికి కూల్‌డ్రింకు తెప్పిస్తాను. పైగా మా కోడలు చేసేది రొయ్యల చెరువుల పనే!

"రాసెయ్యండి మేడం!" అన్నాను.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు లోపలికి వచ్చారు. మరింత ఊపొచ్చింది నాకు. ద్వారబంధాలు, దూలాలు, టేకు, మద్ది, అన్నీ చెప్పాను. సరుకు పారబోయని కాలేజీయే గొప్ప కాలేజీ అన్నాను. ఆయన కదలకుండా విన్నారు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మా కోడలు మెల్లగా అడిగింది.

"మేడం, అన్నీ తీసుకుంటారు సరే. తీసుకుని ఎక్కడ పెడతారండి?"

మేడం గారు అప్పుడు మొదటిసారి నవ్వారు. "అదీ అడగాల్సింది" అని, పెన్నుతో చూపించారు. ఆక్వా మేజర్లో కుదిరేవి రెండే పేపర్లు. తక్కినవన్నీ కింద 'ఇతర విషయాలు' అన్న గడిలో పడ్డాయి. ఆ గడి ఎప్పుడో నిండిపోయింది. అంతకు మించినవి సర్టిఫికెట్లో కనిపిస్తాయి తప్ప పని తగ్గించవు. మేజరు పేపర్లు దాదాపు మొదటినుంచీ రాయాలి. రెండేళ్ళ పైమాటే. కెమిస్ట్రీలో లెక్కల క్రెడిట్లు పోతాయి గాని, మిగిలేది మూడో ఏడు, దానికి తోడు సెలవుల్లో రాసుకునే రెండు పేపర్లు. అంతే.

కోడలు నావైపు తిరిగింది. "మావయ్యగారూ, మొన్న షెడ్డు దగ్గర ఆ మార్టేరు ఆయనతో ఏమన్నారు?"

అన్నాను, నిజమే. నేను పడగొట్టించిన ఒక మేడ సామానంతా ఆయన ఒకేసారి కొంటానని వస్తే, 'లారీలో ఎంత పట్టిందని కాదండీ, మీ గుమ్మాలకి ఎన్ని సరిపోతాయో కొలుచుకు రండి, మిగిలినవి అటకెక్కుతాయి' అన్నాను. షెడ్డు మా ఇంటి పక్కనే. ఆ మాట తను వీధి అరుగు మీద పాపకి అన్నం పెడుతూ విన్నట్టుంది.

"అదేనండి ఇదీనూ" అని, కెమిస్ట్రీ కాగితం మేడం గారి వైపు జరిపింది.

కాబట్టి ఒప్పుకోవాలి. ఏడాది మిగిల్చింది నేను కాదు. నా మాటే వినివుంటే ల్యాబు కుర్చీ ఇంకొకరి పాలయ్యేది. ఆ ఏడాదంతా తను తెల్లారకముందే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళింది, నేను పాపకి జడలు వేసి బడిలో దించాను. ఆ జడల గురించి పాప ఏం చెప్పినా నమ్మవద్దు. ప్రిన్సిపాల్ గారి సంగతి కూడా కొంచెం సాగదీశాను. ఆయన 'లేచి' నిలబడలేదు. లేవడం నేను కలిపింది. కానీ నిలబడటం మాత్రం అక్షరాలా నిజం. నేను మాట్లాడినంతసేపూ, కూర్చోవాలన్న ధ్యాసే లేకుండా, నిలబడే విన్నారు. కలప మీద అంతటి ఆసక్తి ఉన్న చదువుకున్నవారిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంతవరకూ రాసి, నిన్న ల్యాబుకి పట్టుకెళ్ళి మా కోడలికి ఇచ్చాను. పక్కన ఇద్దరు రైతులు సీసాలతో కూర్చుని ఉన్నారు. ఒక రిపోర్టు కింద తన సంతకం పెట్టి, స్టాంపు వేసి, వాళ్ళకిచ్చి, నా కాగితాలు చివరిదాకా చదివింది.

"ధ్యాస లేక కాదండీ మావయ్యగారూ" అంది. "అది ఆయన గది. మీరు కూర్చున్నది ఆయన కుర్చీ. లేవండి లేవండి అని నేను మీ చొక్కా లాగుతూనే ఉన్నాను, మీరు టేపు లాగుతూనే ఉన్నారు."