సోమవారం ఒక్కపొద్దు, సాబుదానా కిచిడీ

మా చిన్నప్పుడు... సోమవారం వచ్చిందంటే నాకు పండగే! అమ్మ ఒక్కపొద్దు ఉండేది మరి. ఉపవాసం అమ్మది, సంబరం నాది.

సూరత్‌లో, పాండేసర దగ్గర ఒంటిగది ఇల్లు మాది. నాన్న పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గం నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు తళుకు రాళ్లు అంటించేది. ఆవగింజంత రాయి... కళ్లు బాగుంటేనే జరిగే పని.

అమ్మకు షుగర్ అని తేలాక, పక్కింటి గుజరాతీ బెన్, అంటే అక్క, పాపం మంచి మనసుతోనే ఉపాయం చెప్పింది... సోమవారాలు ఉపవాసం ఉండు, తగ్గుతుంది అని. అన్నం వద్దు, రొట్టె వద్దు. సాబుదానా కిచిడీ అయితే పర్లేదట! నానబెట్టిన సగ్గుబియ్యం, నెయ్యి, ఆలుగడ్డ ముక్కలు, దంచిన పల్లీలు, పైన ఇంత చక్కెర, నిమ్మరసం... అబ్బబ్బ! గిన్నె అడుగున అంటిన మాడు కోసం గరిటె పట్టుకుని కాచుకుని ఉండేదాన్ని.

"అమ్మా, గురువారం గూడ ఉండరాదే ఒక్కపొద్దు?" అని నేనే ఎక్కించాను. ఉంది కూడా!

షుగర్ మాత్రం తగ్గలేదు. చూపు మసకేస్తోందంటే డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మకు కూరగాయల బేరానికి సరిపడా హిందీయే వచ్చు, ఆయనేమో గుజరాతీ. బడిలో నేర్చిన గుజరాతీతో నేనే దుబాసీని.

"మెతుకు ముట్టలే సార్. మరి గీ షుగర్ ఎట్ల పెరుగుతుంది?" అంది అమ్మ.

ఏం తింటుందో గడగడా అప్పజెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. సగ్గుబియ్యం, ఆలుగడ్డ అంతా పిండిపదార్థమే, ఒంట్లోకి వెళ్తే అన్నంలాగే చక్కెరవుతుంది, మొత్తానికే మానెయ్యమను, లేకపోతే కళ్లు పోతాయి అన్నాడు.

నేను అమ్మవైపు తిరిగి... "జర తక్కువ తినమంటున్నడమ్మా" అన్నాను.

కిచిడీ పోతుందేమోనని భయం... పాడు నోరు!

ఆ ఒక్కపొద్దులు ఇంకో రెండేళ్లు సాగాయి. మెల్లగా అమ్మ రాళ్లు వరస తప్పి అంటించసాగింది. తర్వాత ఆ పనే మానేసింది. ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి మనుషుల ఆకారం తెలుస్తుంది, అంతే.

మొన్న సోమవారం ఆ కంట్లో చుక్కలు వేస్తూ, ఇన్నేళ్లకు చెప్పేశాను. ఏడుపు ఆగలేదు నాకు.

అమ్మ నవ్వింది. "ఓసి పిచ్చిదానా! సాబుదానా అనంగనే ఆయన తల్కాయ పట్టుకున్నది నేను సూడలేదా? నాకు గూడ దాని మీద పానమే ఉండె. నువ్వు తక్కువ తినమన్నవ్... నేను సరే అనుకున్న."

ఎంత తేలిగ్గా మాఫీ చేసేసిందో! నాకే ఇంకా చేతకావడం లేదు.

ఇప్పుడు డాక్టరు ఏ భాషలో మాట్లాడినా ఫోనే తెలుగులోకి మార్చి చెబుతుంది. రిపోర్టు వస్తే నా కూతురు ఉన్నదున్నట్టు చదివేస్తుంది, అమ్మమ్మ అని మొహమాటం కూడా లేదు. సోమవారం పెసర మొలకలు పెడితే, అమ్మ పళ్లెమంతా వేళ్లతో తడుముతుంది... "ఒక్క సాబుదానా గింజ గూడ ఎయ్యలేదా బిడ్డా?" అంటూ.

మీరూ చిన్నప్పుడు ఇంట్లోవాళ్లకు మార్చి చెప్పిన మాట ఏదైనా ఉంటే... వాళ్లు వినగలిగినప్పుడే చెప్పేయండి. ముందు ఇక్కడ చెప్పినా సరే, నేను వింటాను...