మా వదిన కళ్లూ, రంగు నాబూ

మొన్న మా ఇంట్లో కొత్త టీవీ పెట్టారు. వార్తలు చదివే అమ్మాయి ముఖం కాస్త ఎర్రబడినట్లు అనిపించి, నా చెయ్యి దానంతటదే పక్కన రంగు సరిచేసే నాబ్ కోసం తడిమింది. మనవరాలు నవ్వి రిమోట్ చేతిలో పెట్టింది. పటాన్‌చెరులో నేనూ మా వదినా పనిచేసిన పాత ఫ్యాక్టరీ గుర్తుకొచ్చింది.

అక్కడ తయారయ్యేవి స్టూడియోల వాళ్లు మిగతా తెరలన్నీ సరిచూసుకోవడానికి నమ్ముకునే మానిటర్లు, అందులోనూ మా లైన్‌లో బిగించేవి బయటి దేశాలకు పోయేవి. తూకం రాయే తప్పయితే అంగడంతా తప్పే గదా, అందుకే రంగు చూసే పనికి మనుషుల్ని ఏరి పెట్టేవారు. మా వదిన, అంటే పెద్దన్న భార్య, ఆ గదిలో అందరికంటే ముందుండేది; నేను పక్క హాల్లో కేబుళ్లు బిగించేదాన్ని. వదిన తెర మీద ఒక ఆడమనిషి బొమ్మ వేసి, ముఖం పచ్చబడితే ఇటు, ఎర్రబడితే అటు నాబ్ తిప్పుతూ, మనిషి రంగు మనిషికి వచ్చేదాకా వదిలేది కాదు. మీటర్లు ఏం చూపినా, సార్లు చివరకు ఆమె తల ఊపిందా లేదా అనే చూసేవాళ్లు. దాంతో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు చెప్పినా తప్పులేదు. సంగారెడ్డికి చీరలు కొనబోతే, దుకాణం లైటు కింద ఏ చీరనూ నమ్మేది కాదు, ప్రతిదీ ఎండలోకి తెచ్చి చూపించమనేది. మమ్మల్ని చూస్తేనే దుకాణదారులు విసుక్కునేవారు.

తొంభైల చివర్లో డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న మానిటర్లు మొదలయ్యాయి. వెనక కొత్త కార్డు, కొత్త సాకెట్టు వచ్చాయే గాని, ముందువైపు నాబ్‌లన్నీ పాతవే కావడంతో మాకెవరూ వేరుగా ఏమీ చెప్పలేదు. వదిన ఎప్పటిలాగే బొమ్మ వేసి నాబ్ తిప్పింది. ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినా ముఖం రంగు మారలేదు. పక్క మానిటరూ అంతే, దాని పక్కదీ అంతే. అన్నీ ఒక్కసారే చెడవు గనక, చెడింది తన కళ్లేనని తేల్చుకుంది.

రంగు తేడా తెలియని వాళ్లను ఆ గదిలో ఉంచరు. మా అన్నకు అప్పటికే పని పోయి, ఇల్లంతా ఆమె మీదే నడుస్తోంది. కొన్నాళ్లు లోలోపలే కుమిలి, చివరకు ఒకరోజు మా ఊరు లక్డారం వెళ్లే బస్సులో నా చెయ్యి పట్టుకుని, "పిల్లా, నాకు రంగులు తెలుస్తలేవే. మీ అన్నకు చెప్పకు," అంది.

కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. చుక్కల్లో దాగిన అంకెల పుస్తకం ముందు పెడితే గడగడా చదివేసింది. ఏ లోపమూ లేదని ఆయన చెప్పినా ఆమె నమ్మలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మా సార్ ముందు నిలబడి, తల వంచుకునే అడిగింది.

"నాబ్ తిప్పుతే నాకు ఫరక్ కనవడ్తలేదు సార్. వేరే పనిల ఎయ్యుండ్రి గని, తీసెయ్యకుండ్రి."

సార్ మంచివాడు, నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "డిజిటల్‌ల ఆ నాబ్ పనిచెయ్యదమ్మా. రంగు అంకెలల్ల లెక్కగట్టుకొనే వస్తది, వచ్చే తొవ్వల మారది, మళ్ల తిప్పి సరిచేసే పనే లేదు. మీకు చెప్పుడు మర్సిపోయిన," అన్నాడు.

వదిన ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేవబోయి, మళ్లీ కూర్చుంది. "మరి ఇగ నేను చూసుడు దేనికి సార్?" అని అడిగింది.

ఇంకా కొంతకాలం పని ఉంటుందన్నాడు ఆయన, అది అబద్ధమేమీ కాలేదు. పిక్చర్ ట్యూబులు ఉన్నన్నాళ్లు తెర మీది తెలుపు తెల్లగానే ఉందో లేదో సరిచూడటానికి ఆమె కావాల్సి వచ్చింది, పలక తెరలు వచ్చి ట్యూబులు పోయాక ఆ గదీ పోయింది. నేను డిజిటల్‌ను తప్పుపట్టను, బొమ్మ నిజంగానే నిలకడగా వచ్చింది. రంగు బాగుందా అని ఒక మనిషిని అడిగి మానిటర్ బయటికి పంపే కాలం పోయిందనే నా బాధ. కళ్లు పోయాయనుకున్నన్నాళ్లూ ఇల్లెట్లా గడుస్తుందని నాతో చెప్పుకుని ఏడ్చిన మా వదిన, కళ్లు బాగున్నాయని తెలిసిన ఆ సాయంత్రం మాత్రం బస్సు కిటికీలోంచి పడే ఎండలో కొంగు పట్టుకుని, ఊరు వచ్చేదాకా దాని రంగే చూసుకుంటూ కూర్చుంది.