తప్పుల క్యాసెట్

మొన్న పంజాగుట్టలో పంటి డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలగానే, అక్కడి అమ్మాయి నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ పాటలు పెట్టమంటారు మేడమ్ అని మర్యాదగా అడిగింది. అడుగుతూనే స్పిరిట్‌లో తడిపిన దూది డబ్బా మూత తీసింది. ఆ వాసన తగిలాక ఇంక నాకేం తోచలేదు, మీ ఇష్టం అన్నాను. నా బాల్యంలో సగం ఆ వాసనలోనే గడిచింది.

అప్పట్లో మేం అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. గుడివాడ నుంచి వచ్చిన సంసారం మాది, నాన్నకు మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఉద్యోగం. పొద్దున్నే కిటికీ తీస్తే జిరాక్స్ మిషన్ల వేడి వాసన, మెస్సుల్లోంచి పప్పు తాలింపు, గోడల నిండా ఏవేవో కోర్సుల పోస్టర్లు, కింద ఫైళ్ళు చంకన పెట్టుకుని పరిగెత్తే జనం. లోకమంతా ఎక్కడికో తొందరపడుతుంటే మా ఇల్లు మాత్రం అమ్మ డయాలిసిస్ రోజుల చుట్టూ తిరిగేది. నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మ కిడ్నీలు పాడయ్యాయి. ఎండాకాలం డాబా మీద ఆవకాయ కలిపి, తను నాకకూడదు కాబట్టి ముక్క నా నోట్లో పెట్టి, ఉప్పు సరిపోయిందో లేదో నా మొహం చూసి తెలుసుకునేది. ఉగాది పచ్చడి నాలుక చివర తాకించి, దాహమేస్తే ఓ ఐసు ముక్క చప్పరించి ఊరుకునేది.

సూదులు ఎక్కించడానికి వీలుగా ఆమె ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి ఆనిస్తే లోపల గుయ్యిమని ఆగకుండా మోగేది. ఇదే నా శ్రుతిపెట్టె అనేది అమ్మ. ఆ చెయ్యి పాడైతే ఇంకో చోటు దొరకడం కష్టమని డాక్టరుగారు ముందే చెప్పారు. అమ్మకేమో సూదంటే చచ్చేంత భయం. సిస్టరు దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుపోయేది, నరం ముడుచుకునేది, సూది పక్కకు పోయి చెయ్యంతా కమిలి నల్లబడేది. ఇలాగే సాగితే అమ్మ మాకు దక్కదని నాతో ఎవరూ అనలేదు. నాన్న పూజగదిలో కూర్చునే సేపు పెరగడం చూసి నాకే తెలిసిపోయింది.

ఇష్టమైన పాటలేవైనా వింటే భయం తగ్గుతుందేమో, ఓ టేప్‌రికార్డర్ తెచ్చుకోండని డాక్టరుగారే సలహా ఇచ్చారు. అమ్మకేది ఇష్టమో అడగాలన్న ఆలోచన నాన్నకు రాలేదు. మనశ్శాంతికి తను రోజూ పొద్దున్నే వినే శ్లోకాల క్యాసెట్టే ఆసుపత్రికి తీసుకెళ్ళి, పుణ్యం, పురుషార్థం రెండూ కలిసొస్తాయని మంచం పక్కన పెట్టి నొక్కాడు. ఆ గంభీరమైన గొంతు మన వీధుల్లో ఎప్పుడు వినిపిస్తుందో, ఏ ఇంటి ముందు షామియానా వేసినప్పుడు వినిపిస్తుందో ఆయనకు ఆ క్షణాన గుర్తురాలేదు. రెండో శ్లోకం అవకుండానే బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఏడుస్తూ లోపలికి పరిగెత్తుకొచ్చారు. పక్క మంచం యాదగిరి తాతది. యూసుఫ్‌గూడలో మిక్చర్ బండి నడిపేవాడు. ఆయన భార్య వచ్చి, మొగుడు కళ్ళు తెరిచే ఉండటం చూసి, నేల మీద కూలబడి ఇంకా గట్టిగా ఏడ్చింది.

"సారూ, జర అది బంద్ జెయ్యి. మేమింకా పోలే" అన్నాడు తాత.

నాన్న గబుక్కున క్యాసెట్ ఆపాడు. అమ్మ నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు. నవ్వు తగ్గాక, మరి నీకేం కావాలి అని నాన్న మొదటిసారి అడిగాడు. "చిన్నిది పెట్టండి" అంది అమ్మ.

చిన్ని నేనే. పెళ్ళికి ముందు సంగీతంలో గీతాల దాకా నేర్చుకున్న అమ్మ నాకు వంటింట్లోంచే పాఠం చెప్పేది. తప్పులు నా చెవికే తెలియాలని సరళీ వరుసలు క్యాసెట్లో ఎక్కించేది. అందులో నా గొంతుతోపాటు కుక్కర్ కూతలు, ఉల్లిపాయల బండివాడి కేకలు కూడా పడ్డాయి. తర్వాతి విడత అదే పెట్టాం. అమ్మ కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ, నేనెక్కడ జారతానా అని కాచుకుని కూర్చుంది. "అదిగో, గాంధారం" అంటుండగానే సిస్టరు పని అయిపోయింది. అయిపోయిందా అని అమ్మే అడిగింది.

అలా కొన్నేళ్ళు నా తప్పులే మా అమ్మను కాపాడాయి. నా పాట తనకు సుత మస్తుగుందని చెప్పే యాదగిరి తాత మంచం మీదికి ఒకరోజు ఇంకెవరో వచ్చారు. ఆ క్యాసెట్ అరిగి, చివరికి రీలు తెగింది. పదో తరగతిలో నేను కొత్తది ఎక్కించి, గర్వంగా తెచ్చి పెట్టాను. అమ్మ తాళం మధ్యలో ఆగిపోయింది, మొహం ముడుచుకుంది.

"బాగా పాడావే. ఒక్క తప్పు కూడా లేదు. అందుకే సూది తెలిసింది" అంది.

ఇంటికెళ్ళి కావాలని తప్పులు పాడి ఇంకోటి ఎక్కించాను. అమ్మ రెండు వరుసలు విని, కుడిచేత్తో నా తల నిమిరి, ఇలాంటివి నాకు పెట్టకు, నీ గొంతు చెడిపోతుంది అంది. ఆ తర్వాత టేప్‌రికార్డర్ లేకుండానే చెయ్యి చాచేది. నొప్పి తెలుస్తూనే ఉండేదని నాకు తెలుసు. మరుసటి వానాకాలంలో పోయింది.

ఆ చిన్న ఆసుపత్రి ఇప్పుడు లేదు. మా సందు చివర రోడ్డు మీదుగా మెట్రో పోతుంది, క్యాసెట్లంటే మా పిల్లలకు తెలియదు. సభల్లో నేను పాడితే జనం తలలూపుతారు, బాగుందంటారు. రోజూ పొద్దున్నే సాధనకు కూర్చుంటాను. స్వరం ఎక్కడైనా కాస్త జారితే ఓ క్షణం ఆగి చూస్తాను. వంటింట్లోంచి ఎవరూ ఏమీ అనరు.