గడువున్న తాళంచెవి

మా టీచరు గారు ఇక లేరు. పెండిల్ హిల్‌లోని మన ఇండియా సరుకుల కొట్లో బెండకాయలు ఏరుకుంటుంటే మా చర్చి సిస్టర్ ఒకామె చెప్పింది. "బ్రదర్, మీ టీచరమ్మ నిన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారంట." బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

నాకు మాటలు తక్కువ. రాత ఇంకా తక్కువ. అయినా ఆమె గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే తప్పు.

గోడౌన్ పని మానేశాక, యాభై ఆరేళ్ల వయసులో వెబ్ ప్రోగ్రామింగ్ కోర్సులో చేరాను. నాది పల్లెటూరి బడి చదువు. క్లాసులో అందరూ మా పిల్లల ఈడువాళ్లు. క్లాసు అయ్యాక టీచరు గారు నా దగ్గరికి వచ్చి తెలుగులో అడిగేవారు. "అర్థమైందా అన్నయ్యగారూ? తల ఊపకండి, చెప్పండి." నేను నోరు విప్పేదాకా బోర్డు తుడుస్తూ నిలబడేవారు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

ఆఖరి ప్రాజెక్టుకి మా చర్చి ప్రార్థన మనవుల కోసం ఒక వెబ్ పేజీ చేశాను. ఎవరి కష్టం వాళ్లు ఫోన్లో రాస్తారు. ప్రార్థన బృందంలోని ఆరుగురే చదవాలి. పాస్‌వర్డ్ ఒకసారి కొడితే సర్వర్ తాళంచెవి లాంటి ఒక టోకెన్ ఇస్తుంది. ఆపైన ప్రతిసారీ ఫోన్ ఆ టోకెన్ చూపించి లోపలికి వెళుతుంది. పెద్దవాళ్లను మాటిమాటికీ పాస్‌వర్డ్ అడగడం మర్యాద కాదనిపించి, టోకెన్‌కి పదేళ్ల గడువు పెట్టాను. ఆదివారం మొదలుపెడతామని పాస్టరు గారికి మాట ఇచ్చాను. ఎలా ఉందో చూద్దామని ఇద్దరు ముగ్గురు అప్పటికే రాశారు కూడా.

గురువారం ఆమె పరీక్షించారు. బృందంలో తన పేరు చేర్పించుకుని లోపలికి వెళ్లారు. "ఇప్పుడు నన్ను తీసేయండి" అన్నారు. తీసేశాను. పేజీ మళ్లీ తెరిచారు. పాత టోకెన్‌తోనే తెరుచుకుంది. ఒక సిస్టర్ తన ఇంటి గొడవ గురించి రాసుకున్న మనవి పైనే ఉంది. టీచరు గారు అది చదవలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించారు.

"బృందంలోంచి పోయినవాళ్లు కూడా పదేళ్లు చదువుతారా అన్నయ్యగారూ?"

"పెద్దవాళ్లు కదా మేడమ్, మొహమాటం..."

"మొహమాటం మీకు ఉండొచ్చు, సర్వరుకి దేనికండీ? నమ్మకం మనుషుల మీద పెట్టుకోండి, గడువు టోకెన్ మీద పెట్టండి."

నావల్ల కాదు, కోర్సు మానేస్తానన్నాను.

"మానేద్దురుగాని. ముందు ఇది సరిచేసి మానేయండి."

శనివారం సెలవైనా స్కోఫీల్డ్స్‌లోని తన ఇంటి నుంచి రైలెక్కి వచ్చారు. టోకెన్ గడువు పదిహేను నిమిషాలకు తగ్గించాం. అది అయిపోగానే ఫోనే కొత్తది అడుగుతుంది. బృందంలో పేరు ఉందో లేదో చూశాకే సర్వర్ ఇస్తుంది. పెద్దవాళ్లకు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టే పని లేదు.

ఆమె పేరు చేర్చాను. లోపలికి వెళ్లాక తీసేశాను. ఇక పదిహేను నిమిషాలు ఆగాలి. ఆమె పులిహోర డబ్బా తెరిచి సగం నా వైపు జరిపారు. ఏమీ మాట్లాడుకోలేదు. ఎదుటి మనిషి ఊరుకుంటే ఆమెకు ఇబ్బందిగా ఉండేది కాదు. అలాంటివాళ్లు తక్కువ.

టైము అయ్యాక పేజీ తెరిచారు. రానివ్వలేదు. మళ్లీ నొక్కారు. రానివ్వలేదు. ఫోన్ నా వైపు తిప్పి పట్టుకుని, నోట్లో మెతుకులతోనే నవ్వారు. తనను గడప దగ్గరే ఆపేసినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.